గోదావరి పాయల్లో పండుగప్పకు రాడ్డుతో గాలం వేయడం: చోటు, వేళ, ఎర గురించి సలహా కావాలి

వశిష్ఠ ఒడ్డు:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను హైదరాబాదులో ఉంటున్నాను. మా అత్తవారి ఊరు అంతర్వేదికి కొంత ఎగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. సంక్రాంతికీ, మళ్ళీ వేసవి సెలవులకూ కుటుంబంతో అక్కడికి వెళ్తుంటాము. చెరువుల్లో కొరమీనుకూ, కాలువల్లో జెల్లలకూ గాలం వేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అయితే పోటూ పాటూ ఉండే ఉప్పునీటిలో పండుగప్పను రాడ్డుతో పట్టే పద్ధతి గురించి మా ఊళ్ళో చెప్పేవారు లేరు. అక్కడి జాలరులు ఈ చేపను ఎక్కువగా వలలతోనే పడతారు.

నా దగ్గర ఏడడుగుల మీడియం హెవీ రాడ్డు, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల అల్లిక దారం ఉన్నాయి. లూర్లు, అంటే కృత్రిమ ఎరల్లో, చిన్న చేప ఆకారంలో ఉండే 10 సెంటీమీటర్ల మిన్నోలు కొన్ని, రబ్బరు చేపలు కొన్ని కొనుక్కున్నాను. తెల్లవారాక రేవు మెట్ల మీద నిలబడి, నదిలోకి వీలైనంత దూరం విసిరి లాగుతున్నాను. చిన్న చేపలు తగులుతున్నాయి గాని పండుగప్ప ఇంతవరకు అందలేదు. మా బావమరిదికి నాటు పడవ ఉంది కాబట్టి, అవసరమైతే రేవు వదిలి పాయల్లోకి వెళ్ళే వీలు కూడా ఉంది.

పోటు ఎక్కేటప్పుడు వేయాలా, పాటు తీసేటప్పుడు వేయాలా? నది మధ్యలో లోతు చూసి వేయాలా, మడ చెట్ల అంచుల్లో వేయాలా? బతికిన కొయ్యంగను ఎరగా పెట్టడం మేలా, లూరు మేలా? గాలానికి ముందు కట్టే లీడరుగా ఎంత బరువు దారం కట్టాలి, ఉక్కు తీగ అవసరమా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఈ వేసవికి సిద్ధమవుతాను.


కాకినాడ గాలం:

వశిష్ఠ ఒడ్డు గారూ, మీ సరంజామాలో మార్చవలసినది చాలా తక్కువ. మీరు విసురుతున్న చోటును మార్చుకోవాలి. కాకినాడ అఖాతంలోనూ, గౌతమి పాయల్లోనూ చాలా ఏళ్ళుగా ఈ చేప కోసం తిరుగుతున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను.

పండుగప్ప వెంటాడి వేటాడే చేప కాదు. వంజరంలాగా నీటిని కోసుకుంటూ పోయి ఎరను అందుకోవడానికి తగిన ఒళ్ళు దానికి లేదు. వెడల్పైన తోక, బలమైన నడుము, నీటితో సహా ఎరను ఒక్కసారిగా లోపలికి లాక్కునే పెద్ద నోరు దానికి ఉన్నాయి. కాబట్టి అది ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, ఏదో ఒక అడ్డు వెనక కదలకుండా నిలబడి, నీరే తన దగ్గరికి తెచ్చిచ్చే రొయ్యను, కొయ్యంగను అందుకుంటుంది. ఆ అడ్డు పడిపోయిన మడ చెట్టు కావచ్చు, వంతెన స్తంభం కావచ్చు, పాత రేవు రాళ్ళు కావచ్చు, నది అడుగున ఉన్న చిన్న గట్టు కావచ్చు. నది మధ్యలో అడ్డేమీ లేని చోటికి ఎంత దూరం విసిరినా, అక్కడ నిలబడే అవసరం దానికి ఉండదు. మీ రేవు మెట్ల పక్కనే, ప్రవాహం మెట్ల అంచును ఒరుసుకుని సుడి తిరిగే చోట, ఒడ్డుకు సమాంతరంగా వేసి చూడండి. దూరంగా విసిరే బలం కంటే, అనుకున్న చోట వేయగల గురి ఈ వేటలో ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఇక వేళ సంగతి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయని మీకు తెలుసు. పోటు నిండినప్పుడు నీరు మడ అడవి లోపలికంటా ఎక్కుతుంది. రొయ్యలు, కొయ్యంగలు, పీత పిల్లలు మేత కోసం వేళ్ళ మధ్యకు వెళ్తాయి. వాటి వెనకే పండుగప్ప కూడా వెళ్తుంది. ఆ సమయంలో చేప చాలా విస్తారమైన చోట చెదిరి ఉంటుంది, పైగా వేళ్ళ మధ్యకు లూరు వేయలేము. పాటు మొదలయ్యాక కథ మారుతుంది. అడవిలోకి ఎక్కిన నీరంతా చిన్న చిన్న బోదెల గుండా పాయలోకి దిగాలి, దానితోపాటు ఆ చిరుజీవులన్నీ దిగాలి. ప్రతి బోదె నోటి దగ్గరా, బోదె నుంచి వచ్చే మురికి నీరూ పాయలోని తేట నీరూ కలిసే గీత వెంట పండుగప్ప కాపు కాస్తుంది. పాటు చివరి రెండు గంటలు, ఆ తరువాత పోటు తిరిగి ఎక్కడం మొదలైన మొదటి గంట, ఈ మూడు గంటలను నేను అన్నిటికంటే విలువైనవిగా భావిస్తాను. నీరు పూర్తిగా నిలిచిపోయిన కాసేపు ఎర మార్చుకోవడానికీ, చోటు మారడానికీ ఉపయోగించుకోండి.

పంచాంగం దగ్గర పెట్టుకోవడం మంచిది. అష్టమి, నవమి ప్రాంతాల్లో పోటుపాట్ల తేడా తగ్గి నీరు మందంగా ఆడుతుంది, కాబట్టి చేపకు కాపు కాసే అవసరమూ తగ్గుతుంది. పౌర్ణమి, అమావాస్య నాడు నీరు బాగా కదులుతుంది గాని, ఆ వడికి అడుగు బురదంతా లేచి లూరు కనబడకుండా పోతుంది. పౌర్ణమి గాని అమావాస్య గాని వెళ్ళాక, తదియ నుంచి పంచమి వరకు ఉండే రోజులు నాకు నచ్చుతాయి; అప్పటికి కదలిక ఇంకా తగ్గదు, నీరు కొంత తేరుకుంటుంది. ఇంకొక మాట: ఓడరేవుకు వేసిన పోటుపాట్ల పట్టిక మీ ఊరికి యథాతథంగా పనికిరాదు. నది సముద్రంలో కలిసే మొగ నుంచి ఎగువకు పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. ఒక రోజు ఒడ్డున గెడ నాటి, నీరు ఎక్కడం, దిగడం ఏ వేళకు మొదలవుతున్నాయో గుర్తు పెట్టుకోండి. మరునాటికి అదే ఘట్టం సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

వెలుతురు కూడా చూసుకోవాలి. ఈ చేప కన్ను చీకట్లో దీపం పడితే ఎర్రగా మెరుస్తుంది. మసక వెలుతురులో అది తన ఎరకంటే బాగా చూడగలదు. అందుచేత సూర్యాస్తమయానికి పాటు చివరి గంటలు కలిసిన రోజు దొరికితే వదులుకోవద్దు. రాత్రిపూట వంతెన దీపాల కింద రొయ్యలు గుమికూడతాయి, పండుగప్ప మాత్రం స్తంభం నీడలో, వెలుగూ చీకటీ కలిసే గీతకు చీకటి వైపున ఉంటుంది. పడవలో నిలబడి లూరును వెలుగులో వేసి నీడలోకి లాగండి. వంతెన రోడ్డు మీద నిలబడి మాత్రం వేయకండి. అది వాహనాలకూ, మీకూ ప్రమాదం, చేప పడినా పైకి తీయలేరు.

కాలం విషయంలో నిజం చెప్పాలి. సంక్రాంతి రోజుల్లో నీరు చల్లబడి ఉంటుంది. ఇది వేడి నీటి చేప. చలికి దాని ఆకలి, వేగం రెండూ తగ్గుతాయి. అప్పుడు వెళ్తే మధ్యాహ్నం ఎండ పడి వేడెక్కిన లోతు తక్కువ చోట్లు చూడండి, లూరును చాలా నెమ్మదిగా లాగండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద ఎర్రనీరు నదిని ఆక్రమిస్తుంది కాబట్టి లూరుకు అనువు కాదు. వరద తగ్గి నీరు తేరుకున్న అక్టోబరు చివర, నవంబరు మొదట కొన్ని వారాలు, మళ్ళీ మార్చి నుంచి మే వరకు నా అనుభవంలో మంచి రోజులు.

లూరు వేశాక లాగే తీరు ముఖ్యం. అడ్డుకు వీలైనంత దగ్గరగా వేయండి. రెండు మూడు చిన్న కుదుపులు ఇచ్చి, ఆపండి. ఆ ఆగిన క్షణంలోనే ఎక్కువసార్లు చేప అందుకుంటుంది, కాబట్టి ఆపినప్పుడు వెంటనే పైకి తేలిపోకుండా ఉన్న చోటనే నిలిచే రకం మిన్నో కొనండి. చెరువులో కొరమీను కోసం ఎడతెగకుండా లాగే అలవాటు ఉన్నవారికి ఈ ఆపడం మొదట్లో కష్టంగా తోస్తుంది. నీరు వడిగా ఉంటే 4 లేదా 5 అంగుళాల రబ్బరు చేపను 15 గ్రాముల సీసపు తల ఉన్న గాలానికి గుచ్చి, అడుగుకు తగిలించి ఎత్తి దింపుతూ తీసుకురండి. మిన్నోతో కంపెనీవారు ఇచ్చిన మూడు కొనల గాలాలు సన్నగా ఉంటే వాటిని తీసేసి బలమైనవి వేయండి. పండుగప్ప వాటిని నిటారుగా సాగదీస్తుంది.

చేప తగలగానే మొదటి పది సెకన్లలో దాన్ని అడ్డుకు దూరంగా తిప్పాలి. రాడ్డును పైకి ఎత్తకుండా నీటికి సమాంతరంగా పక్కకు ఉంచి లాగండి. అది గాలిలోకి ఎగిరి, నోరు తెరిచి తల విదిలిస్తుంది. అది లేవడం చూడగానే రాడ్డు కొనను కిందికి దించి, దారం బిగువు సడలకుండా చూసుకోండి. లీడరుగా 50 లేదా 60 పౌండ్ల మోనో (ఒంటి పోగు) దారం మీటరుకు కాస్త ఎక్కువగా కట్టండి. దీని పళ్ళు కోరల్లా ఉండవు, గరుకు కాగితంలా ఉండి దారాన్ని అరగదీస్తాయి, అందువల్ల ఉక్కు తీగ అక్కర లేదు. అసలు భయం దవడ పళ్ళ నుంచి కాదు, కత్తి అంచు ఉన్న మొప్ప రేకు నుంచి. దారానికే కాదు, మీ చేతికి కూడా ఆ రేకుతో జాగ్రత్త అవసరం. మొప్పల్లో వేళ్ళు పెట్టి ఎత్తకండి.


భైరవపాలెం:

కాకినాడ గాలం గారు లూరు గురించి చెప్పినదంతా బాగుంది. మాది తరతరాలుగా ఈ పాయల్లోనే వేట చేసుకునే కుటుంబం, కాబట్టి బతికిన ఎర వైపు నుంచి కొన్ని విషయాలు చేర్చాలనుకుంటున్నాను. మురికి నీటిలో, వడి నీటిలో లూరు కంటే బతికిన కొయ్యంగ ఎన్నో రెట్లు నమ్మకమైనది. చేపకు కన్ను పనిచేయని చోట కూడా, బతికిన ఎర కొట్టుకునే అలజడి నీటి కదలికను పసిగట్టే దాని పక్క గీతకు తెలుస్తుంది.

కొయ్యంగ జానెడు లోపుగా ఉండాలి. పొద్దున్నే ఒడ్డు పల్లంలో విసురు వలతో పట్టి, వెడల్పు బకెట్టులో తక్కువ చేపలు వేసుకుని నీరు తరచుగా మార్చండి. పొలుసు ఊడి నీరసించిన కొయ్యంగను పండుగప్ప పట్టించుకోదు. నీరు వడిగా ఉన్నప్పుడు గాలాన్ని పై పెదవి గుండా గుచ్చితే ఎర ప్రవాహానికి ఎదురు ఈదుతుంది. నీరు నెమ్మదిగా ఉన్నప్పుడు వీపు రెక్క వెనక తోలు కిందుగా గుచ్చితే అది అడ్డదిడ్డంగా ఈది అలజడి చేస్తుంది. రొయ్య దొరికితే తల మీది కొమ్ము కింద, లోపల కనిపించే నల్లటి మచ్చకు తగలకుండా గుచ్చండి. ఆ మచ్చకు తగిలితే రొయ్య అప్పుడే చస్తుంది. లోతు తక్కువ చోట బెండు కట్టండి, ఎర అడుగుకు మూరెడు పైన తేలాలి. అడుగుకు ఆనిస్తే మండపీతలు దాన్ని మిగల్చవు.

అందుకున్నప్పుడు వెంటనే గుంజవద్దు. మొదట ఒక దెబ్బ తెలుస్తుంది, తరువాత తాడు నిదానంగా కదిలిపోతుంది. కొన లోపలికి వంగి ఉండే గుండ్రని గాలం (సర్కిల్ హుక్) కడితే గుంజే పనే లేదు. తాడు బిగిసే వరకు ఆగి, రీలు తిప్పుతూ పోతే గాలం దానంతట అదే దవడ మూలలో పడుతుంది.

వేళ విషయంలో నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. మడ పాయల్లో పాటు చివర మంచిదన్న మాట నిజమే. మొగ దగ్గర, ఇసుక తిప్పల పక్కన మాత్రం పోటు తిరిగి ఎక్కే మొదటి రెండు గంటలే గట్టివని మా పెద్దలు చెప్పేవారు, నేనూ అదే చూశాను. సముద్రపు తేట నీరు తిప్ప అంచును కోసుకుంటూ లోపలికి వస్తుంటే, కొయ్యంగల గుంపులు దానితో వస్తాయి, పండుగప్ప తిప్ప వెనక లోతులో నిలబడుతుంది. వశిష్ఠ ఒడ్డు గారి ఊరు మొగకు ఎగువన కాబట్టి, రెండు చోట్లూ చూడగల అవకాశం ఆయనకు ఉంది.

ఇవి కాక, తప్పనిసరిగా తెలుసుకోవలసిన సంగతులు ఉన్నాయి. పాయల్లో కనిపించే గెడలు, బెండ్లు ఎవరో ఒకరి వలలకూ, పీతల బుట్టలకూ గుర్తులు. వాటికి పడవ కట్టవద్దు, వాటి మీదుగా లూరు లాగవద్దు. దగ్గరలో జాలరి కనిపిస్తే ఎక్కడ వేసుకోవచ్చో అడగండి, ఎవరూ కాదనరు. ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకూ, ఇంజను బిగించిన పడవలకూ సముద్ర వేట నిషేధం. మీ బావమరిదిగారి పడవకు ఇంజను ఉంటే ఆ రోజుల్లో మొగ దాటి వేటకు వెళ్ళకండి. మీరు ఎప్పుడైనా కాకినాడ వైపు వస్తే, కోరింగ మడ అడవి వన్యప్రాణి అభయారణ్యమని గుర్తుంచుకోండి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం వేయకూడదు. తొలి నావ ప్రయాణంలోనే పాయ ఎక్కడ అభయారణ్యంలోకి మళ్ళుతుందో స్థానికుల ద్వారా తెలుసుకోవడం అవసరం.


డార్విన్ తెలుగు:

నేను ఆస్ట్రేలియాలోని ఉత్తర ప్రాంతంలో (నార్తర్న్ టెరిటరీ), డార్విన్ నగరంలో ఉంటున్నాను. మన పండుగప్పనే ఇక్కడ బారమండి అంటారు. ఈ ప్రాంతంలో గాలం పట్టేవారికి దీనిని మించిన చేప లేదు. 2015 నుంచి ఇక్కడ ప్రతి ఏటా కొన్ని బారమండిలకు గుర్తు బిళ్ళలు కట్టి నీటిలో వదిలి, వాటిని పట్టినవారికి బహుమతులు ఇచ్చే పోటీ జరుగుతోంది. ప్రత్యేకమైన బిళ్ళ ఉన్న చేపకు పది లక్షల డాలర్ల బహుమతి ఉంది. ఆ పోటీ కోసమే సెలవు పెట్టుకుని వచ్చేవారు ఉన్నారు.

కాకినాడ గాలం గారు బోదె నోరు గురించి రాసినది చదువుతుంటే నాకు చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే ఇక్కడ అందరూ ఎదురుచూసే కాలం అచ్చంగా అదే సూత్రం మీద నడుస్తుంది. వర్షాకాలంలో మేరీ నది, డేలీ నది పొంగి పక్కనున్న మైదానాలన్నీ నీట మునుగుతాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు ఆ నీరు వాగుల గుండా నదిలోకి తిరిగి దిగుతుంది. మైదానంలో పెరిగిన చిన్న చేపలన్నీ ఆ వాగు నోళ్ళ గుండానే రావాలి. నలుపు తేట నీరు, గోధుమరంగు నది నీరు కలిసే గీత వెంట పడవలు వరుసగా నిలుస్తాయి. గోదావరి వరద వెనక్కి తీసే రోజుల్లో, పంట కాలువలూ మురుగు కాలువలూ నదిలో కలిసే లాకుల దగ్గర ఇదే పరిస్థితి ఏర్పడుతుందని నా నమ్మకం. లాకు తలుపులకు దూరంగా, భద్రమైన ఒడ్డు మీద నిలబడి ఆ రంగు గీతను వెతకండి.

మీకు ఉన్న ఒక సౌకర్యం మాకు లేదు. ఇక్కడి నదుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయి. నీటి అంచుకు దగ్గరగా నిలబడటం, నీటిలోకి దిగి చేపను తీయడం ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అందుచేత దాదాపు అందరూ పడవల నుంచే వేస్తారు, వలబుట్టతోనే చేపను పైకి తీస్తారు. ముడులు లేని రబ్బరు వలబుట్ట వాడటం వల్ల చేప పొలుసు, రెక్కలు చెదరవు. మీరు కూడా ఒకటి కొనుక్కోండి, మొప్ప రేకు బెడద కూడా తీరుతుంది.

మన దగ్గర ఇంకా అంతగా చర్చ జరగని విషయం ఒకటి ఉంది, అది కొలత. ఈ ఉత్తర ప్రాంతంలో 55 సెంటీమీటర్ల లోపు బారమండిని ఉంచుకోకూడదు. క్వీన్స్‌లాండ్‌లో 58 లోపువీ, 120 దాటినవీ రెండూ వదలాలి. అక్కడి తూర్పు తీరంలో నవంబరు 1 మధ్యాహ్నం నుంచి ఫిబ్రవరి 1 మధ్యాహ్నం వరకు, గుడ్లు పెట్టే కాలమని, ఈ చేప వేటే మూసివేస్తారు. చట్టం అడగని చోట కూడా మీటరు దాటిన చేపను ఫొటో తీసుకుని వదిలేసేవారు ఇక్కడ చాలామంది. కొలపట్టీ పడవ అడుగున పరిచి, దాన్ని ముందుగా నీటితో తడిపి, చేపను దాని మీద పడుకోబెట్టి కొలుస్తారు. నిలువుగా దవడ పట్టుకుని వేలాడదీస్తే పెద్ద చేప వెన్ను, దవడ కీళ్ళు దాని బరువుకే దెబ్బతింటాయి. ఒక చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తాలి.


వశిష్ఠ ఒడ్డు:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇన్నాళ్ళూ నేను నది వెడల్పును చూశాను గాని ఒడ్డును చూడలేదని అర్థమైంది. మా ఊరి దిగువన ఒక మురుగు కాలువ నదిలో కలిసే చోటు ఉంది, మొదట అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ సందర్భంగా ఇంకొక ప్రశ్న అడగాలని ఉంది. ఇంట్లోవారు చేప తెస్తానని ఎదురుచూస్తారు, అది సహజమే. ఎంత కొలత చేపను ఇంటికి తీసుకెళ్ళడం సబబు? పెద్ద పండుగప్పలన్నీ ఆడవేనని ఎక్కడో విన్నాను, అది నిజమేనా? వదిలిన చేప నిజంగా బతుకుతుందా?


ఉప్పునీటి విద్యార్థి:

మీరు విన్నది చాలా వరకు నిజం. నేను మత్స్యశాస్త్రం చదివి, ప్రస్తుతం ఉప్పునీటి చెరువుల రైతులతో పనిచేస్తున్నాను. ఈ చేప జీవితం గురించి కొంత వివరంగా చెబితే మీ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరుకుతుంది.

పండుగప్ప మొదట మగ చేపగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్ళకు, సుమారు 60 సెంటీమీటర్ల దగ్గర, మగ చేపగా ఈడుకు వస్తుంది. ఆ తరువాత కొన్నేళ్ళకు, ఎక్కువగా 80 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య, అదే చేప ఆడదిగా మారుతుంది. మీటరు దాటిన పండుగప్ప దాదాపు ఎప్పుడూ ఆడదే. అంతటి ఆడ చేప ఒక్క ఋతువులో లక్షలు కాదు, కోట్ల సంఖ్యలో గుడ్లు పెట్టగలదు. కాబట్టి పెద్ద చేపలను మాత్రమే ఏరి తీసుకెళ్తే, ఒక పాయలో మగ చేపలు ఎన్ని మిగిలినా గుడ్లు పెట్టే చేపలు తగ్గిపోతాయి.

గుడ్లు పెట్టడానికి దీనికి సముద్రపు ఉప్పదనం కావాలి, పిల్లలు పెరగడానికి మడ అడవి కావాలి, ఎదిగే వయసులో చాలా చేపలు మంచినీటి వైపు ఎక్కుతాయి. పులసకు ఇది సరిగ్గా తలకిందుల ప్రయాణం: పులస సముద్రంలో పెరిగి గుడ్ల కోసం గోదావరిలోకి ఎదురెక్కుతుంది, పండుగప్ప నదిలో, పాయల్లో పెరిగి గుడ్ల కోసం మొగకు దిగుతుంది. పౌర్ణమి, అమావాస్యల పోట్లకు మొగ దగ్గర పెట్టిన గుడ్లను పోటు నీరే లోపలి పాయల్లోకి మోసుకెళ్తుంది. భైరవపాలెం గారు మొగ దగ్గర తిప్పల గురించి చెప్పినప్పుడు నాకు అందుకే కొంత ఆందోళన కలిగింది. అక్కడ తగిలే పెద్ద చేప గుడ్లతో ఉండే అవకాశం ఎక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోయే దారి దీనికి ఎలాగూ లేదు కాబట్టి, ఆనకట్టకు దిగువన ఉన్న ఆ కొద్ది నదే దానికి మిగిలిన ఇల్లు.

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి మత్స్య పరిశోధన సంస్థ 1997లో ఈ చేపను నిర్బంధంలో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించింది. ఆ విజయం వల్లనే చెరువుల్లో పండుగప్ప పెంపకం మన దగ్గర వీలైంది. ఇప్పుడు కృష్ణా జిల్లా నాగాయలంక వైపు కూడా పెంచుతున్నారు. కూర కోసమే అయితే బజారులో పెంపకపు చేప దొరుకుతుంది. అందుచేత నదిలో పట్టిన ప్రతి చేపనూ ఇంటికి తేవాలన్న ఒత్తిడి మీ మీద ఉండనక్కరలేదని ఇంట్లోవారికి చెప్పవచ్చు.

అయినా ఒక చేప తీసుకెళ్ళాలంటే, 60 నుంచి 80 సెంటీమీటర్ల మధ్యది ఉంచుకోండి. మన నదుల్లో గాలం వేసేవారికి ఇలాంటి హద్దును నేను చట్టంగా చెప్పడం లేదు. ఆ చేప జీవితాన్ని బట్టి నా సలహా ఇది. ఆ కొలతలో చేప సుమారు రెండున్నర కిలోల నుంచి ఆరు కిలోల వరకు తూగుతుంది, ఒక కుటుంబానికి అది చాలా ఎక్కువ. 60 లోపుది చాలావరకు ఒక్కసారి కూడా సంతానోత్పత్తిలో పాల్గొని ఉండదు, 80 దాటినది ఆడదిగా మారుతున్న దశలో ఉంటుంది. ఉంచుకోదలచిన చేపను మాత్రం ఎండలో తాడుకు కట్టి ఉంచకండి. వెంటనే తల మీద దెబ్బ వేసి చంపి, మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, మంచు కలిపిన ఉప్పునీటిలో పెట్టండి. రుచిలో తేడా మీకే తెలుస్తుంది.

వదిలిన చేప బతకడం పట్టినవారి చేతిలోనే ఎక్కువగా ఉంటుంది. వేసవిలో నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, కాబట్టి సన్నని దారంతో చాలాసేపు ఆడించి అలసిపోయేలా చేయడం ఆ రోజుల్లో దానికి ప్రాణాంతకం. మీ 30 పౌండ్ల దారం ఆ విధంగా సరైనదే. రీలు బిగువు (డ్రాగు) నాలుగు కిలోల దగ్గర పెట్టి, త్వరగా దగ్గరకు తెచ్చుకోండి. గాలం కొన వెనక ఉండే ఎదురు ముల్లును పటకారుతో ముందుగానే నొక్కి చదును చేస్తే తీయడం తేలిక. ఫొటో తీయాలనుకుంటే కెమెరా సిద్ధం చేసుకునే వరకు చేపను వలబుట్టతో నీటిలోనే ఉంచండి. వదిలేటప్పుడు తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకోండి, తోక దానంతట అది బలంగా కొట్టే వరకు చేయి తీయవద్దు; ముందుకూ వెనక్కూ ఊపడం వల్ల మొప్పలకు మేలు జరగదు. బతికిన ఎర వేసినప్పుడు చేప గాలాన్ని లోతుగా మింగితే, దాన్ని పెకలించే ప్రయత్నం చేయకుండా నోటి దగ్గర దారం కోసి వదలండి. భైరవపాలెం గారు చెప్పిన గుండ్రని గాలం వాడితే ఆ పరిస్థితి చాలా అరుదుగా వస్తుంది. అందుకని, ఎరతో వేసే ప్రతివారూ దాన్నే వాడాలని నేను కోరుతున్నాను.


కాకినాడ గాలం:

విద్యార్థి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మిన్నోలకు కూడా మూడు కొనల గాలాల బదులు బలమైన ఒంటి గాలాలు బిగించవచ్చు. చేప జారిపోవడం పెద్దగా పెరగదు, గాలం తీయడం మాత్రం చాలా సులువవుతుంది. వశిష్ఠ ఒడ్డు గారూ, ఆ మురుగు కాలువ దగ్గరికి వెళ్ళేటప్పుడు ముందుగా పాటు చివర నీరు బాగా తీసిన వేళ ఒకసారి గాలం లేకుండా చూసి రండి. మునిగి ఉండే మోడులు, రాళ్ళు, గుంటలు అప్పుడు బయటపడతాయి. వాటిని ఫొటోలు తీసి పెట్టుకుంటే, తరువాత నీరు నిండి ఉన్నప్పుడు కూడా ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఒడ్డు బురదలో ఒంటరిగా దిగకండి, బావమరిదిగారిని తోడు తీసుకెళ్ళండి.